ఫోనులో హాట్‌స్పాట్ ఉంది, వైర్ల పరికరాలకు నెట్ ఎలా?

ప్రశ్న: సార్, హనుమకొండ నుంచి ములుగు వెళ్లే దారిలో, ఆత్మకూరు దాటాక మా ఊరి సెంటర్లో నాకు చిన్న జిరాక్స్ దుకాణం ఉంది. ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతాను, హాల్‌టికెట్లు, భూమి కాగితాలు తీసి ఇస్తాను. దుకాణంలో వైఫై లేని పాత కంప్యూటర్ ఒకటి, ల్యాన్ వైరుతో నడిచే పెద్ద ప్రింటర్ ఒకటి, నాలుగు కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్ ఒకటి ఉన్నాయి. మూడింటినీ ఎనిమిది పోర్టుల నెట్‌వర్క్ స్విచ్‌కు కలిపి, అక్కడి నుంచి కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన రౌటర్‌కు వైరు లాగారు. రోడ్డు పనుల్లో జేసీబీ తగిలి కేబుల్ తెగింది. ఎప్పుడు బాగుచేస్తారో ఎవరూ చెప్పడం లేదు. నా ఆండ్రాయిడ్ ఫోనులో 4జీ బాగానే వస్తోంది. మా మరిది తన ల్యాప్‌టాప్‌ను ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి, రౌటర్ వైరు తీసేసి ల్యాప్‌టాప్‌ను స్విచ్‌కు కలిపి, విండోస్‌లో రెండు కనెక్షన్లనూ ఎంచుకుని ‘బ్రిడ్జ్’ చేశాడు. దాంతో ల్యాప్‌టాప్‌లో వస్తున్న నెట్ కూడా ఆగిపోయింది. మా ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఫోనులో దుకాణం కెమెరాలు చూసుకునేవారు, ఇప్పుడు అదీ లేదు. హాట్‌స్పాట్ నెట్‌ను ఈ వైర్ల పరికరాలకు పంపే మార్గం ఉందా? ఉంటే ఏం కొనాలి?
– ఒక పాఠకురాలు, ములుగు జిల్లా

జవాబు: మార్గం ఉందమ్మా. ఈ రోజుకు గడవడానికైతే ఏమీ కొనక్కర్లేదు. అయితే ముందుగా మీ మరిది ప్రయత్నం ఎందుకు ఫలించలేదో చెప్పాలి. అది తెలియకపోతే ఏ డబ్బా కొనుక్కొచ్చినా మళ్లీ అక్కడే ఆగిపోతారు.

ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ తయారీలోనే 48 బిట్ల గుర్తింపు సంఖ్య ఒకటి పడుతుంది. దాన్నే మ్యాక్ అడ్రస్ అంటారు. బ్రిడ్జ్ చేయడమంటే ఒకవైపు నుంచి వచ్చిన ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, వాటి మీద ఉన్న మ్యాక్ అడ్రస్‌లు మార్చకుండా, రెండోవైపుకు దాటించడం. రెండువైపులా వైరే ఉన్నప్పుడు ఇందులో ఇబ్బంది లేదు. మీ స్విచ్ పొద్దున్నుంచి రాత్రిదాకా చేసేది ఆ పనే. వైఫై దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. పాస్‌వర్డ్ చెప్పి హాట్‌స్పాట్‌లో చేరింది ల్యాప్‌టాప్ ఒక్కటే. దాని వెనుక ఉన్న ప్రింటర్, డీవీఆర్ మ్యాక్ అడ్రస్‌లు ఫోనుకు ఎన్నడూ పరిచయం కాలేదు. పరిచయం లేని సంఖ్యతో ప్యాకెట్ వస్తే ఫోను దాన్ని పక్కన పడేస్తుంది. మామూలు వైఫై ఫ్రేములో మూడు చిరునామాలకే చోటు వాడతారు, వెనుక ఉన్నవారి పేరు రాయడానికి నాలుగోది కావాలి. వైఫై ప్రమాణంలో ఆ నాలుగో గడి ఉంది కానీ ఫోను హాట్‌స్పాట్‌లు దాన్ని పట్టించుకోవు. కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో విండోస్ ఏదో సర్దుబాటు చేసి బ్రిడ్జ్‌ను నడిపిస్తుంది. అది మన అదృష్టం మీద ఆధారపడిన వ్యవహారం కాబట్టి దుకాణం దాని మీద నడపలేం. మీ మరిదితో ఆ బ్రిడ్జ్‌ను ముందు తొలగించమనండి. నెట్‌వర్క్ కనెక్షన్ల కిటికీలో దాని మీద కుడి క్లిక్ చేస్తే డిలీట్ కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ నెట్ తిరిగి వస్తుంది.

మీకు కావలసింది బ్రిడ్జ్ కాదు, మధ్యవర్తి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తోలే రైతులు మీ ఊళ్లో చాలామందే ఉంటారు. అక్కడ కొనేవారికి కనిపించేది అడ్తిదారే. ఏ బస్తా ఏ రైతుదో అడ్తిదారు చిట్టాలో ఉంటుంది, డబ్బు వచ్చాక దాని ప్రకారం ఎవరిది వారికి చేరుతుంది. నెట్‌వర్క్‌లో ఈ పద్ధతిని న్యాట్ అంటారు. మధ్యవర్తి వెనుక ఉన్న పరికరాలకు తనే సొంత ఐపీ చిరునామాలు (డేటా ఎవరికి చేరాలో చెప్పే సంఖ్యలు) పంచుతుంది, బయటికి మాత్రం తన ఒక్క పేరుతోనే అడుగుతుంది, వచ్చిన జవాబును చిట్టా చూసి ఎవరిది వారికి అందిస్తుంది. ఫోనుకు కనిపించేది ఆ ఒక్క పరికరమే కనుక అభ్యంతరం ఉండదు. చిరునామాలు పంచే పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఈ రెండు పనుల్లో ఏదీ మీ స్విచ్‌కు చేతకాదు. ఫోనును స్విచ్‌కు ఎలాగో తగిలిస్తే చాలనుకునేవారు తడబడేది ఇక్కడే.

కాబట్టి ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఆ మధ్యవర్తి ఎవరు కావాలి? మీ కంప్యూటర్ కావచ్చు, ఫోనే కావచ్చు, చిన్న రౌటర్ కావచ్చు.

ఈ రోజు సాయంత్రానికల్లా పని జరగాలంటే కంప్యూటర్‌నే వాడండి. దానికి వైఫై లేకపోయినా ఫరవాలేదు. ఫోనును చార్జింగ్ కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి, ఫోను సెట్టింగుల్లో హాట్‌స్పాట్ ఉన్న చోటే ఉండే యూఎస్‌బీ టెథరింగ్ (ఫోను నెట్‌ను కేబుల్ ద్వారా ఇచ్చే మీట) ఆన్ చేయండి. కేబుల్ తగిలించకముందు ఆ మీట వెలిసిపోయి కనిపిస్తుంది. తగిలించాక కూడా అలాగే ఉంటే మీది చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ అన్నమాట, డేటా కూడా నడిచే కేబుల్ తెచ్చుకోండి. టెథరింగ్ ఆన్ కాగానే విండోస్‌కు అది రెండో నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది. కంప్యూటర్‌కు ఉన్న ఒక్క ల్యాన్ పోర్టు స్విచ్ కోసం ఖాళీగానే ఉంటుంది. ఫోను చార్జింగ్ కూడా అవుతూ ఉంటుంది. గాలిలో వచ్చే హాట్‌స్పాట్ కన్నా ఇది నిలకడగా నడుస్తుంది, ఫోను తక్కువ వేడెక్కుతుంది.

ఇక పంచడం. కీబోర్డు మీద విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ (ncpa.cpl) అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే నెట్‌వర్క్ కనెక్షన్లన్నీ ఒకచోట కనిపిస్తాయి. ఇక్కడ చాలామంది తికమకపడతారు. నెట్ వెళ్లాల్సిన కనెక్షన్‌ను కాదు, నెట్ వస్తున్న కనెక్షన్‌ను తెరవాలి. అంటే ఫోనుది. ఎక్కువ ఫోన్లకు దాని వివరణలో ఎన్‌డీఐఎస్ (NDIS) అనే మాట ఉంటుంది, దాన్నిబట్టి గుర్తుపట్టండి. దాని మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో షేరింగ్ అనే పుట. ఇతరులు ఈ కంప్యూటర్ ద్వారా ఇంటర్నెట్ వాడుకోవచ్చు అనే అర్థం వచ్చే మొదటి గడిలో టిక్కు పెట్టండి. కింద కనెక్షన్ ఎంచుకోమని అడిగితే స్విచ్‌కు వెళ్లే ఈథర్‌నెట్‌ను చూపండి. ఓకే నొక్కగానే విండోస్ ఆ ఈథర్‌నెట్‌కు 192.168.137.1 అనే చిరునామా తనంతట తనే పెట్టుకుని, వెనుక ఉన్నవాటికి అదే వరుసలో మిగతా సంఖ్యలు పంచడం మొదలుపెడుతుంది. విండోస్ సెట్టింగుల్లో మొబైల్ హాట్‌స్పాట్ అనే మీట ఒకటి ఉంటుంది. అది నెట్‌ను వైఫైగా పంచేది, వైర్ల పరికరాలకు పనికిరాదు, దాని జోలికి వెళ్లకండి.

మీ పాత రౌటర్‌కు వెళ్లే వైరును స్విచ్ నుంచి తీసే ఉంచండి. అది కూడా చిరునామాలు పంచే యంత్రమే. ఒకే స్విచ్ మీద ఇద్దరు పంచితే ఒక పరికరం ఒకరి దగ్గర, మరో పరికరం ఇంకొకరి దగ్గర చిరునామా తీసుకుంటుంది. నెట్ కాసేపు వచ్చి కాసేపు పోతున్నట్టు ఉంటుంది, కారణం మాత్రం దొరకదు.

ఈ పద్ధతిలో లోపాలు కూడా చెప్పాలి. కంప్యూటర్ ఆపితే అందరికీ నెట్ పోతుంది, రాత్రిపూట మీ ఆయనకు కెమెరాలు కనిపించవు. విండోస్ 10, 11ల్లో కంప్యూటర్ తిరిగి ఆన్ చేశాక ఈ పంపకం అప్పుడప్పుడు పనిచేయడం మానేస్తుంది. ఆ టిక్కు తీసి మళ్లీ పెడితే నడుస్తుంది. సర్వీసెస్ జాబితాలో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ అనే దాన్ని ఆటోమేటిక్‌గా మారిస్తే బెడద కొంత తగ్గుతుంది. కొన్ని ఫోన్లు టెథరింగ్ చేసినప్పుడల్లా కొత్త మ్యాక్ అడ్రస్‌తో వస్తాయి. అప్పుడు విండోస్ దాన్ని కొత్త కార్డు అనుకుంటుంది, మీరు పెట్టిన టిక్కు పాత కార్డు మీదే ఉండిపోతుంది. రోజూ పొద్దున ఈ తంతు చేయాలంటే విసుగు పుడుతుంది.

ఫోనునే నేరుగా మధ్యవర్తిని చేయడం రెండో దారి. దీని గురించి చాలామందికి తెలియదు. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి ఈథర్‌నెట్ టెథరింగ్ అనే సదుపాయం ఉంది. టైప్-సీ నుంచి ల్యాన్‌కు మార్చే చిన్న అడాప్టర్ కొని ఫోనుకు తగిలించి, దాని రెండో చివర నుంచి మీ స్విచ్‌కు ల్యాన్ వైరు కలిపి, ఆ మీట ఆన్ చేస్తే సరిపోతుంది. చిరునామాలు పంచడం, న్యాట్ రెండూ ఫోనే చూసుకుంటుంది, కంప్యూటర్ ఆపినా డీవీఆర్‌కు నెట్ ఆగదు. అన్నిటికన్నా ముచ్చటైన పద్ధతి ఇది. కానీ రెండు ముళ్లున్నాయి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఆ మీట కనిపించదు, కొన్ని అడాప్టర్లను ఫోను గుర్తుపట్టదు. అందుకే హనుమకొండ చౌరస్తా దుకాణాల్లో కొనేటప్పుడు మీ ఫోను వెంట తీసుకెళ్లి అక్కడే తగిలించి చూడండి. రెండోది చార్జింగ్. ఫోనుకు ఉన్న ఒక్క రంధ్రం అడాప్టర్‌కే సరిపోతే బ్యాటరీ సాయంత్రందాకా నిలవదు. ల్యాన్ పోర్టుతో పాటు చార్జింగ్ లోపలికి తీసుకునే పోర్టు కూడా ఉన్న హబ్ దొరుకుతుంది. కొంత ఖరీదు ఎక్కువైనా కొంటే అదే కొనండి.

నన్ను అడిగితే మీ దుకాణానికి తగినది మూడో దారి. చిన్న రౌటర్‌ను హాట్‌స్పాట్‌కు వైఫై ద్వారా కలిపి, దాని ల్యాన్ పోర్టు నుంచి స్విచ్‌కు వైరు ఇవ్వడం. దీన్ని రౌటర్ పెట్టె మీద డబ్ల్యూఐఎస్‌పీ (WISP) మోడ్ అని రాస్తారు. టీపీ-లింక్ వంటి కంపెనీల చిన్న రౌటర్లలో కూడా కొన్నింటికి ఈ సదుపాయం ఉంది. కొనే ముందు పెట్టె మీద ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి, దుకాణదారు ‘అన్నీ వస్తాయి’ అంటే సరిపోదు. కొత్తది కొనే ముందు మీ దగ్గర మూలన పడి ఉన్న కేబుల్ ఆపరేటర్ రౌటర్‌ను కూడా ఒకసారి తెరిచి చూడండి. దాని సెట్టింగుల్లో ఆపరేషన్ మోడ్ అనే పుట ఉండి, అందులో ఈ పేరు కనిపిస్తే ఖర్చు తప్పినట్టే. ఫైబర్ నేరుగా గుచ్చే రకం డబ్బా అయితే మాత్రం ఆశ పెట్టుకోకండి, వాటిలో చాలావాటికి ఇది ఉండదు.

ఈ పద్ధతి నాకు నచ్చడానికి కారణం చెబుతాను. మీ కంప్యూటర్, ప్రింటర్, డీవీఆర్ చిరునామాలు రౌటర్ చేతిలో ఉంటాయి. నెట్ మీ ఫోను నుంచి వచ్చినా, మరిది ఫోను నుంచి వచ్చినా, రేపు కేబుల్ బాగైనా, లోపలి అమరిక చెక్కుచెదరదు. రౌటర్‌కు ఏ హాట్‌స్పాట్‌లో చేరాలో చెబితే చాలు. ఇంకో చిట్కా ఉంది. రెండు ఫోన్లలోనూ హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్, భద్రత రకం ఒకేలా పెడితే, ఒక ఫోను దుకాణం నుంచి వెళ్లి రెండోది ఆన్ అయినప్పుడు చాలా రౌటర్లు తమంతట తామే అందులో చేరతాయి. ఆ పేరు ఇంగ్లిషు అక్షరాలు, అంకెలతోనే ఉండాలి. తెలుగు పేరు, బొమ్మలు, కామాలు, కొటేషన్లు పెడితే కొన్ని పాత రౌటర్లు ముఖం తిప్పుకుంటాయి.

రౌటర్ జాబితాలో మీ హాట్‌స్పాట్ కనిపించకపోతే కంగారు పడకండి. చౌక రౌటర్లకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు. ఫోను 5 గిగాహెర్ట్జ్‌లో ప్రసారం చేస్తుంటే అవి చూడలేవు. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో బ్యాండ్ మార్చండి. ఐఫోనులోనైతే మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అనే మీట ఇదే పని చేస్తుంది. అప్పటికీ చేరకపోతే భద్రత రకం డబ్ల్యూపీఏ3లో ఉందేమో చూసి డబ్ల్యూపీఏ2కు మార్చండి. చేరి కూడా నెట్ రాకపోతే, ఫోను పంచే చిరునామాల వరుస, రౌటర్ పంచే వరుస ఒకటే అయి ఉండవచ్చు. ఉదాహరణకు రెండూ 192.168.0 వరుసే అనుకోండి, ఏది లోపల, ఏది బయట అనేది రౌటర్ తేల్చుకోలేదు. రౌటర్ ల్యాన్ చిరునామాను 192.168.50.1 వంటిదానికి మార్చండి. ఆండ్రాయిడ్‌లో ఎవరూ కలిసి లేనప్పుడు హాట్‌స్పాట్ తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఒకటి ఉంటుంది, దాన్ని ఆపేయండి. లేకపోతే కరెంటు పోయి రౌటర్ ఆగినప్పుడు ఫోను హాట్‌స్పాట్ కూడా నిద్రపోతుంది. కరెంటు వచ్చాక రౌటర్ వెతుక్కుంటూనే ఉంటుంది.

ఇప్పుడు మీరు అడగనిది, కానీ నా దృష్టిలో అసలైనది: ఈ మూడు పరికరాల్లో నెట్ దేనికి నిజంగా అవసరం? కంప్యూటర్‌కు అవసరం. ప్రింటర్‌కు అక్కర్లేదు. కంప్యూటర్ నుంచి ప్రింటర్‌కు పోయే కాగితం స్విచ్ దగ్గరే మలుపు తిరుగుతుంది, మొబైల్ డేటాలో ఒక్క ఎంబీ కూడా ఖర్చు కాదు. రౌటర్ వైరు తీశాక ప్రింట్లు కూడా ఆగిపోయి ఉంటే, అది నెట్ లేక కాదు, చిరునామాలు పంచేవారు లేక. డీవీఆర్ కూడా అంతే. అది తన హార్డ్ డిస్కులో రికార్డు చేసుకోవడానికి ఇంటర్నెట్‌తో పని లేదు. మీ ఆయన దూరం నుంచి చూసినప్పుడే డేటా నడుస్తుంది. ఎంత నడుస్తుందో లెక్క వేసి చూడండి. ఒక కెమెరా 2 ఎంబీపీఎస్ చొప్పున పంపితే గంటకు 900 ఎంబీ. నాలుగూ ఒకేసారి పూర్తి నాణ్యతతో చూస్తే గంటకు 3.6 జీబీ. రోజుకు 1.5 జీబీయో 2 జీబీయో ఇచ్చే ప్యాక్ అయితే అరగంటలో చేతులెత్తేస్తుంది. తరువాత వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంతో దరఖాస్తు పేజీ కూడా తెరుచుకోదు, ఎదురుగా కూర్చున్న పిల్లవాడికి ఫీజు కట్టే ఆఖరి తేదీ అదే రోజు అయి ఉంటుంది.

అందుకని మీ ఆయనకు చెప్పండి, యాప్‌లో సబ్ స్ట్రీమ్ (తక్కువ నాణ్యత దృశ్యం) ఎంచుకుని చూడమని. అర ఎంబీపీఎస్ నాణ్యత అయితే కెమెరాకు గంటకు 225 ఎంబీతో సరిపోతుంది, దుకాణంలో ఏం జరుగుతోందో తెలిసేంత కనిపిస్తుంది. ఒక్కో కెమెరా కాసేపు చూసి మూసేయాలి, యాప్ తెరిచి పక్కన పెట్టి ఊరుకోకూడదు. కంప్యూటర్‌లో కూడా ఈ కనెక్షన్‌ను మీటర్డ్ (పరిమిత డేటా ఉన్నది) అని గుర్తు పెట్టండి, విండోస్ అప్‌డేట్లు చాలామటుకు ఆగుతాయి. ఒక్కో అప్‌డేట్ మీ రోజు కోటా మొత్తాన్ని మింగేయగలదు.

కెమెరాల గురించి మరో మాట. ఇంతకుముందు మీ ఆయన వాటిని ఎలా చూసేవారో కనుక్కోండి. డీవీఆర్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యాప్‌లో చేర్చుకుని ఉంటే, హాట్‌స్పాట్ మీద కూడా చింత లేకుండా పనిచేస్తుంది. అలా కాకుండా ఐపీ సంఖ్య, పోర్టు కొట్టి చూసేవారైతే ఇక పనిచేయదు. మొబైల్ కంపెనీలు ఒకే బయటి చిరునామాను చాలామంది వినియోగదారులకు కలిపి ఇస్తాయి. అంటే మీ మధ్యవర్తి వెనుక మీరున్నట్టే, కంపెనీ మధ్యవర్తి వెనుక మీ ఫోను ఉంటుంది. ఇందుకోసమే 2012లో 100.64 నుంచి 100.127 దాకా ఒక చిరునామాల వరుసను విడిగా కేటాయించారు. బయటి నుంచి ఎవరైనా మీ డీవీఆర్‌ను వెతుక్కుంటూ వస్తే కంపెనీ గుమ్మం దగ్గరే ఆగిపోతారు. మీ రౌటర్‌లో పోర్టులు ఎన్ని తెరిచినా లాభం లేదు, క్యూఆర్ కోడ్ పద్ధతికి మారడమే తేలిక దారి. మారేటప్పుడే డీవీఆర్‌కు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ కూడా తీసేసి సొంతది పెట్టుకోండి. అది మార్చని దుకాణాలు చాలా ఉన్నాయి.

డీవీఆర్, ప్రింటర్ విషయంలో మీకు ఎదురయ్యే అసలు అడ్డంకి బహుశా ఇంకొకటి. బిగించిన అబ్బాయి వాటికి 192.168.1.50 లాంటి స్థిరమైన చిరునామా పెట్టి వెళ్లి ఉంటాడు. మీ కొత్త మధ్యవర్తి వేరే వరుసలో ఉంటే ఆ రెండూ ఎవరితోనూ మాట్లాడలేవు. వాటి మెనూలో నెట్‌వర్క్ పుట తెరిచి డీహెచ్‌సీపీ ఆన్ చేయండి. రౌటర్ పద్ధతి ఎంచుకుంటే ఇంకా సులభం. కొత్త రౌటర్ ల్యాన్ చిరునామానే పాత రౌటర్‌ది ఎంతో అంత పెట్టేస్తే పరికరాలను ముట్టుకోనవసరం లేదు. ఫోను పంచే వరుస కూడా అదే కాకుండా చూసుకుంటే చాలు. చిరునామా మారిన ప్రింటర్‌ను మాత్రం విండోస్‌లో తీసేసి మళ్లీ చేర్చాల్సి రావచ్చు.

ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకోవడానికి కంప్యూటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అనే ఆదేశం ఇచ్చి సంఖ్య చూడండి. 169.254తో మొదలైతే చిరునామా పంచేవారు ఎవరూ దొరకలేదని అర్థం. స్విచ్ నుంచి రౌటర్‌కు వెళ్లే వైరు ఊడి ఉంటుంది, లేదా రౌటర్‌లో పంపకం ఆపేసి ఉంటుంది. సరైన వరుసలోనే ఉండి కూడా పేజీలు తెరుచుకోకపోతే లోపం రౌటర్‌కు, ఫోనుకు మధ్య ఉంది. అప్పుడు ఫోనులోనే బ్రౌజర్ తెరిచి చూడండి. అక్కడా రాకపోతే కోటా అయినా అయిపోయింది, టవర్ అయినా కిక్కిరిసింది.

టవర్ అంటే గుర్తొచ్చింది. మీది మేడారం దారి. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర వచ్చినప్పుడు ఆ రోడ్డు మీద జనంతో పాటు ఫోన్లూ పోటెత్తుతాయి. ఆ నాలుగు రోజులు సిగ్నల్ గీతలు నిండుగా కనిపించినా డేటా కదలకపోవచ్చు. దానికి రౌటర్, అడాప్టర్ ఏవీ మందు కావు. మరో కంపెనీ సిమ్ ఉన్న ఫోను అందుబాటులో ఉంచుకోవడం ఒక్కటే కొంత మేలు.

రోజూ వాడే మీ ఫోనునే ఇందుకు కట్టేయకండి. ఓటీపీలు, చెల్లింపుల సందేశాలు దానికే వస్తాయి, మీరు బజారుకు వెళ్లినప్పుడు దుకాణం ఆగిపోతుంది. ఇంట్లో పాత 4జీ ఫోను ఉంటే విడిగా ఒక సిమ్ వేసి, సిగ్నల్ బాగా అందే చోట, కానీ ఎండ తగలని చోట పెట్టండి. ఏప్రిల్, మే ఎండల్లో కిటికీ పక్కన పెట్టిన ఫోను వేడెక్కి తనంతట తానే హాట్‌స్పాట్ ఆపేసుకుంటుంది. రాత్రింబవళ్లు చార్జింగ్‌లోనే ఉన్న పాత బ్యాటరీ ఉబ్బుతుంది కూడా. వెనుక మూత లేచినట్టు కనిపిస్తే ఆ రోజే వాడకం మానేయండి.

కేబుల్ బాగవడానికి నెలలు పట్టేలా ఉంటే ఈ ఏర్పాట్లన్నీ పక్కనపెట్టి, సిమ్ నేరుగా వేసుకునే 4జీ రౌటర్ కొనండి. వెనుక ల్యాన్ పోర్టులు ఉన్నది చూసి కొనండి, జేబులో పెట్టుకునే డాంగిల్ రకం మీకు ఉపయోగపడదు. దానికి బ్యాటరీ బాధ లేదు, ఓటీపీ బాధ లేదు, యాంటెన్నా ఫోను కన్నా మెరుగు. 2023 నుంచి జియో, ఎయిర్‌టెల్ ఎయిర్‌ఫైబర్ పేరుతో 5జీని ఇంటిదాకా తెస్తున్నాయి. మీ ఊళ్లో ఇస్తారో లేదో పిన్‌కోడ్‌తో చూసుకోండి. ఇస్తే ఆ డబ్బా ల్యాన్ పోర్టు నుంచి మీ స్విచ్‌కు ఒక్క వైరు చాలు.

ఈ కాలమ్ చదివే మిగతావారి కోసం రెండు ముక్కలు. లైనక్స్ వాడేవారికి ఇదే పని ఇంకా తేలిక. వైరు కనెక్షన్ ఐపీవీ4 సెట్టింగుల్లో ఇతర కంప్యూటర్లతో పంచుకోవడం అనేదాన్ని ఎంచుకుంటే 10.42.0.1 చిరునామాతో పంపకం మొదలవుతుంది. యాపిల్ మ్యాక్ కంప్యూటర్లలో షేరింగ్ కింద ఇంటర్నెట్ షేరింగ్ ఉంటుంది. ఐఫోను హాట్‌స్పాట్ 172.20.10 వరుసలో చాలా కొద్ది చిరునామాలే ఇస్తుంది. రౌటర్ మధ్యలో ఉంటే అది తీసుకునేది ఒకటే కనుక ఆ పరిమితి మీకు తగలదు.

ఖర్చు సంగతి. మీ స్విచ్, వైర్లు అన్నీ అలాగే పనికొస్తాయి, మార్చమని ఎవరైనా చెబితే వినకండి. గిగాబిట్ స్విచ్ కూడా అనవసరం. 100 ఎంబీపీఎస్ స్విచ్ మోసేంత వేగం పల్లెలో 4జీ ఫోను ఇవ్వడం అరుదు. డబ్ల్యూఐఎస్‌పీ ఉన్న చిన్న రౌటర్ సుమారు వెయ్యి, పదిహేను వందల రూపాయల మధ్య దొరుకుతుంది. స్విచ్ నుంచి వచ్చే వైరును దాని ల్యాన్ పోర్టుకే పెట్టండి. బయటి నెట్ వైరు పెట్టే, రంగు వేరుగా ఉండే వ్యాన్ (WAN) పోర్టును ఖాళీగా వదిలేయండి, కేబుల్ మళ్లీ వచ్చిన రోజు దానికి అక్కడే పని పడుతుంది.